మీ కథ బ్రాకెట్లలో ఉంది

ప్రశ్న: నా వయసు 64. ముప్ఫై ఏళ్లకు పైగా ఒక కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి నాలుగేళ్ల కిందట పదవీ విరమణ చేశాను. జీవితకథ రాయమని మా మనవరాలు మంచి అట్ట ఉన్న నోటుబుక్కు ఒకటి కొనిచ్చింది. ఆరు నెలలైంది. ‘నేను ఫలానా సంవత్సరంలో ఫలానా దంపతులకు మూడో సంతానంగా జన్మించాను’ అని నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ ఆ కాగితం చించేశాను. రెండో వాక్యం రావడం లేదు. నేను పెద్ద పనులేమీ చేయలేదు. (చిన్నప్పుడు చదువు మాన్పించి, మా నాన్నగారు నా పుస్తకాల సంచిని అటక మీద పెట్టేశారు. పదేళ్ల తర్వాత నేనే దాన్ని దింపుకొని ప్రైవేటుగా పరీక్షలకు కట్టాను. ఇలాంటివి అందరి ఇళ్లలోనూ ఉండేవే.) తారీఖులు సరిగా గుర్తులేవు. మా అన్నయ్యకూ నాకూ చాలా ఏళ్లుగా మాటలు లేవు, ఆయన సంగతి రాయవచ్చా? సాహిత్య భాష నాకు రాదు. ఇంతకీ నాలాంటివాళ్ల కథ ఎవరికి కావాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ప్రశ్నల కోసం, రెండోసారి ఆ బ్రాకెట్ల కోసం. రెండో వాక్యం రావడం లేదన్నారు. వచ్చింది. వచ్చినదాన్ని తీసుకెళ్లి బ్రాకెట్లలో దాచి, ‘ఇలాంటివి అందరి ఇళ్లలోనూ ఉండేవే’ అని మూత కూడా పెట్టారు. మీ నాన్నగారు ఆ సంచిని అటక మీద పెట్టినట్టే.

ముందు ఆ చించేసిన వాక్యం సంగతి చూద్దాం. ముప్ఫై ఏళ్లు దరఖాస్తులు సరిచూసిన చేయి మీది. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, విద్యార్హతలు, అనుభవం. ఆ వరుస మీ వేళ్లకు పట్టేసింది. కలం చేతిలోకి తీసుకోగానే వేళ్లు ఆ దారిలోనే నడుస్తాయి. దరఖాస్తులో రెండో వాక్యం ఉండదు, రెండో గడి ఉంటుంది. అందుకే మీకు రావడం లేదు. పైగా మీ పుట్టుక మీకు గుర్తున్న సంగతి కాదు, ఎవరో చెప్పగా విన్నది. మూడేళ్ల వయసుకు ముందు జరిగినవి మనుషులకు సాధారణంగా జ్ఞాపకం ఉండవు. ఇతరులు చూసినదాన్ని మీరు చూసినట్టు రాయబోతే కలం మొరాయించక ఏం చేస్తుంది?

కాబట్టి పుట్టుకను ప్రస్తుతానికి వదిలేయండి. అటక కిందకు రండి.

ఆ సంచి ఏ గుడ్డతో కుట్టినది? భుజానికి తగిలించుకునేదా, చేత్తో పట్టుకునేదా? కుట్టింది ఎవరు? మీ నాన్నగారు దేని మీద ఎక్కి దాన్ని పైన పెట్టారు, స్టూలు మీదా, కుర్చీ మీదా, నిచ్చెన వేసుకున్నారా? కింద పట్టుకున్నది ఎవరు? కదలకుండా పట్టుకోమని మిమ్మల్నే పిలిచారా? (అలా గనక జరిగి ఉంటే ఆ ఒక్క సంగతికి పూర్తిగా ఒక పేజీ ఇవ్వండి.) ఆ సమయంలో మీ అమ్మగారు ఎటు చూస్తున్నారు? ఎవరైనా ఏమైనా అన్నారా, లేక ఇంట్లో రోజూ జరిగే పనుల్లో అదీ ఒకటన్నట్టు జరిగిపోయిందా?

ఇంకొక సంగతి. ఆయన ఆ పుస్తకాలను చింపేయలేదు. ఇంకెవరి పిల్లలకూ ఇచ్చేయలేదు. తూకానికి అమ్మలేదు. అటక మీద పెట్టారు. మళ్లీ ఎప్పుడైనా పనికొస్తుందేమో అనుకున్న వస్తువునే కదా మనం అటక ఎక్కిస్తాం. మరి ఆయన మనసులో ఏముంది? అది మీకు తెలియదు. తెలిసినట్టు రాయవద్దు, ఆయనను దుర్మార్గుణ్ణి చేయడానికీ వద్దు, వెనకేసుకు రావడానికీ వద్దు. చింపేయకుండా అటక మీద పెట్టారన్నది మాత్రం మీరు కళ్లారా చూసింది. చూసింది చూసినట్టు రాస్తే చాలు. ఆయన ఎలాంటి మనిషో చదివేవారు వాళ్లంతట వాళ్లే ఆలోచించుకుంటారు.

ఆ తర్వాత పదేళ్లు మీరు ఆ సంచి కిందే తిరిగారు. తల ఎత్తి చూసేవారా, చూడకుండా తప్పించుకునేవారా? ఇల్లు దులిపే రోజున ఎవరైనా దాన్ని కిందికి దింపి మళ్లీ పైకెక్కించారా? దింపుకొన్న రోజున మీరు దేని మీద ఎక్కారు?

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబులు వెతకమని కాదు. సగం ప్రశ్నలకు ‘గుర్తులేదు’ అనే వస్తుంది. ‘స్టూలో కుర్చీయో గుర్తులేదు గానీ, నాన్నగారి మడమలు నా కళ్లకు ఎదురుగా ఉన్నాయి’ అన్నలాంటి వాక్యం ఒక్కటి వస్తే ఆ రోజుకు అది చాలు. అది మీరు తప్ప ఇంకెవరూ రాయలేని వాక్యం. పుట్టిన తేదీదేముంది, మీ సర్వీసు రిజిస్టరులోనే దొరుకుతుంది.

సాహిత్య భాష రాదన్న మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఒక సంగతిని రెండు రకాలుగా రాసి చూపిస్తాను. ‘విధి వక్రించుటచే నా విద్యాభ్యాసమునకు తీవ్ర అంతరాయము కలిగినది.’ ఇది ఒకటి. ‘పరీక్షలు అయిపోయిన మర్నాడు నా సంచి అటక ఎక్కింది.’ ఇది రెండోది. మొదటి వాక్యం ఎవరి జీవితంలోనైనా అతుకుతుంది, అదే దాని జబ్బు. రెండోది చదవగానే ఆ పిల్ల ఎవరు, ఎంత వయసు, తర్వాత ఏమైంది అని అడగబుద్ధవుతుంది. (పరీక్షల మర్నాడు అన్నది నా ఊహ, మీ సంగతి మీరు దిద్దుకోండి.) ఈ ఉత్తరంలో బ్రాకెట్లలో మీరు రాసిన భాష ఉంది చూశారా, అది చాలు. బ్రాకెట్ల బయట మీరు కొంచెం బిగుసుకున్నారు. లోపల మీ మాటే వినిపించింది.

రాయడం కష్టమైతే చెప్పండి. ఫోనులో మాట రికార్డు చేసి, తర్వాత తీరిగ్గా కాగితం మీదకు ఎక్కించవచ్చు. చెప్పి రాయించడం తక్కువ పనేమీ కాదు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు చూపు పోయాక కూడా రచన ఆపలేదు, చెబుతూ రాయించారు. చెప్పేటప్పుడు ఒక సౌకర్యం ఉంది. ఎదురుగా మనిషి ఉంటే ‘జన్మించితిని’ అన్న మాట నోటికి రాదు.

ఎదురుగా మనిషి అన్నాను గనక, ‘ఎవరికి కావాలి’ అన్న మీ ప్రశ్న దగ్గరికి వస్తాను. లోకానికి కావాలా వద్దా అన్నది మీరు తేల్చలేరు, నేనూ తేల్చలేను. మీకు ఒక్క మనిషి చాలు. అమెరికా స్వాతంత్ర్య పోరాట నాయకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన జీవితకథను 1771లో మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 65, మీకంటే ఒక్క ఏడాది పెద్ద. మొదలుపెట్టింది పుస్తకంగా కాదు, కొడుక్కి రాసే ఉత్తరంగా. తర్వాత పన్నెండేళ్లకు పైగా దాన్ని పక్కన పడేశాడు. 1784లో మళ్లీ పట్టుకున్నాడు. చివరికి 1757 దాకా వచ్చి, అమెరికా స్వాతంత్ర్య పోరాటం ఊసే రాకుండా అర్ధంతరంగా ఆగిపోయింది. రెండు వందల ఏళ్లకు పైగా జనం దాన్ని అలాగే చదువుతున్నారు. నోటుబుక్కు కొనిచ్చిన మీ మనవరాలు ఉంది కదా. ఆ అమ్మాయికి చెబుతున్నట్టు రాయండి. ఏది వివరించాలో, ఏది అక్కర్లేదో దానంతట అదే తేలిపోతుంది. ఆ పిల్ల ఎన్నడూ చూడని వస్తువు ఏదైనా వచ్చినప్పుడు చేయి ఆగి, దాన్ని వర్ణిస్తుంది.

మొత్తం జీవితం రాయాలన్న బెంగ కూడా వదిలేయండి. స్వీయచరిత్ర అనేసరికి పుట్టుక నుంచి ఇవాళ్టి దాకా లెక్క అప్పజెప్పాలనుకుంటాం. జ్ఞాపకాలు అనుకుంటే ఆ భారం ఉండదు. గాంధీజీ తన ఆత్మకథను ఒకేసారి కూర్చుని పూర్తి చేయలేదు. 1925 నుంచి 1929 వరకు ‘నవజీవన్’ వారపత్రికలో వారం వారం ప్రకరణాలుగా రాశారు. 1920ల మొదటికి వచ్చేసరికి, ఇక్కడి నుంచి నా జీవితం అందరికీ తెలిసిందేనని చెప్పి ఆపేశారు. మీరూ అలాగే చేయవచ్చు. సంచి అటక ఎక్కిన రోజు నుంచి దిగిన రోజు వరకు ఆ పదేళ్లు మాత్రమే రాసినా, అది పూర్తి పుస్తకమే. ఉద్యోగం చేసిన ముప్ఫై ఏళ్లు మూడు పేజీల్లో తేలిపోతే బాధపడకండి. జీవితంలో ఎన్నేళ్లు గడిచాయో కాగితం మీద అన్ని పేజీలు రావాలన్న లెక్కేమీ లేదు.

ఇక జ్ఞాపకం సంగతి. ఇందులో మీకు ఒక శుభవార్త, ఒక హెచ్చరిక ఉన్నాయి.

శుభవార్త ఇది. నలభై దాటినవారిని జీవితంలోని సంగతులు ఏవైనా చెప్పమంటే, సుమారు పదేళ్ల వయసుకూ ముప్ఫై ఏళ్లకూ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నో పరిశీలనల్లో గమనించారు. మొదటిసారి జరిగే పనులన్నీ ఆ వయసులోనే కదా. మీ సంచి ఎక్కడమూ దిగడమూ ఆ మధ్యలోనే పడ్డాయి. నిన్న చదివిన వార్త గుర్తులేకపోయినా అప్పటి గది మూలలు గుర్తుంటాయి.

హెచ్చరిక ఏమిటంటే, గుర్తుండటం వేరు, సరిగా గుర్తుండటం వేరు. 1986 జనవరిలో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు, ఆ వార్త ఎక్కడ ఎలా విన్నారో రాయమని అమెరికాలో ఉల్రిక్ నైసర్ అనే శాస్త్రవేత్త విద్యార్థులను అడిగారు. రెండున్నరేళ్లు దాటాక వారిలో 44 మందిని మళ్లీ అదే అడిగారు. నాలుగో వంతు మంది చెప్పింది తాము మొదట రాసినదానితో ఎక్కడా కలవలేదు. చిత్రమేమిటంటే, వారు రాసిన కాగితం వారికే చూపించినా కొందరికి నమ్మకం కుదరలేదు. దస్తూరీ నాదేగానీ జరిగింది అలా కాదన్నారు! రెండున్నరేళ్లకే ఇలా ఉంటే మీది యాభై ఏళ్ల నాటి మాట.

అందుకని మానేయమనడం లేదు. రెండు పనులు చేయండి. మొదటిది, మీకు గుర్తున్నది రాయడం పూర్తయ్యేదాకా అక్కచెల్లెళ్లకూ బంధువులకూ ఫోను చేసి ‘ఆ రోజు ఏం జరిగిందో నీకు గుర్తుందా’ అని అడగకండి. అందరూ ముందు ఇదే చేస్తారు, ఇదే తప్పు. వాళ్లు చెప్పింది విన్నాక అది మీ జ్ఞాపకంలో కలిసిపోతుంది, ఏది ఎవరిదో విడదీయలేరు. మీది ముందు కాగితం మీద పడనివ్వండి, తర్వాత అడగండి. వాళ్లది వేరుగా ఉంటే మీది కొట్టేయకుండా పక్కనే రాయండి: ‘అక్క మాత్రం ఆ సంచి నీలం రంగుది కాదంటుంది.’ పుస్తకానికి అలాంటి వాక్యం బలమే తప్ప లోటు కాదు.

రెండోది, తారీఖుల కోసం ఆగకండి. ‘వానాకాలం, నాకు పదమూడో పద్నాలుగో’ అని రాసి ముందుకు వెళ్లండి. తర్వాత తీరిక దొరికినప్పుడు పాత మార్కుల పత్రాలు, ఉత్తరాల మీది తపాలా ముద్రలు, ఫొటోల వెనక రాతలు చూసి దిద్దుకోవచ్చు. ఫొటోలు చూసేటప్పుడు ముఖాలను కాసేపు వదిలేసి అంచులు చూడండి. తలుపు పక్కన వేలాడుతున్న గొడుగు, సగం తెగిపోయిన ఎవరి చేయో, నేల మీద పడిన నీడ. ముఖాల గురించి చెప్పుకోవలసినవి ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకొని అరిగిపోయి ఉంటాయి. అంచుల గురించి ఎవరూ మాట్లాడి ఉండరు.

జ్ఞాపకం కదలనప్పుడు నాకు బాగా పనిచేసిన చిట్కా ఒకటి చెబుతాను. పదమూడేళ్ల వయసులో మీరున్న ఇంటి పటం గీయండి. బొమ్మలు వేయడం రాకపోయినా ఫరవాలేదు, గీతలు చాలు. గుమ్మం ఎక్కడ, కిటికీ ఎటు, ఎవరు ఎక్కడ పడుకునేవారు, దీపం ఎక్కడ, అటక ఏ గోడకు. నేను ఒకసారి ఇలా గీస్తూ ఒక తలుపు దగ్గర ఆగిపోయాను. అది లోపలికి తెరుచుకునేదా, బయటికా? పదిహేను నిమిషాలు తేలలేదు. తేలిన క్షణంలో, ఆ తలుపు వెనక నిలబడి పెద్దల మాటలు విన్న ఒక రాత్రి మొత్తం తిరిగి వచ్చింది. నలభై ఏళ్లుగా అది నాలో ఉన్నట్టు నాకే తెలియదు.

అన్నయ్యగారి మాటకొస్తాను. రాయండి. రాయకుండా దాటేస్తే మీ కలం ప్రతి పేజీలోనూ ఆయన చుట్టూ తిరిగి, ఎక్కడా ఆగకుండా వెళ్తుంది. చదివేవారికి ఆ వెలితి తెలిసిపోతుంది. రాయడమూ చూపించడమూ వేర్వేరు పనులు. ఆ కాగితాలు విడిగా ఉంచండి, ఎవరికీ చూపకండి. కోపంగా ఉంటే కోపంగానే రాయండి. కొన్ని నెలల తర్వాత తీసి చదువుకున్నప్పుడు ఒక్క పరీక్ష పెట్టండి: ఆయన మంచి పని చేసిన సంగతి ఒక్కటైనా ఇందులో ఉందా? లేకపోతే అది ఇంకా ఫిర్యాదే. ఫిర్యాదు ఎలా ఉంటుందో గుమాస్తాగా పనిచేసిన మీకు నేను చెప్పాలా! అచ్చు వేసే ఆలోచన వస్తే అప్పుడు ఏది ఉంచాలో, ఏది తీసేయాలో చూద్దాం. పేరు మార్చితే సరిపోతుందని మాత్రం అనుకోకండి, కుటుంబంలో ఎవరికీ ఆ ముసుగు అడ్డం రాదు. ఇందాక చెప్పిన ఫ్రాంక్లిన్ సంగతికి కొసరు ఒకటుంది. ఆ కథ ఏ కొడుక్కి ఉత్తరంగా మొదలైందో, ఆ కొడుకు స్వాతంత్ర్య పోరాటంలో బ్రిటిష్ రాజు పక్షం వహించాడు. తండ్రీకొడుకుల మధ్య మాటలు తెగిపోయాయి. మళ్లీ రాయడం మొదలుపెట్టినప్పుడు ఆ కథ కొడుకు కోసం కాదు, లోకం కోసం.

కొన్ని సంగతులు రాసిన రోజున మనసు బరువెక్కుతుంది. అది మామూలే. 1980లలో జేమ్స్ పెన్నబేకర్ అనే మనస్తత్వవేత్త విద్యార్థులను తమ జీవితంలోని కష్టమైన సంగతుల గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయమన్నారు. రాసిన వెంటనే వారి మనసు దిగులుగా ఉంది, తర్వాతి నెలల్లో మాత్రం వారిలో కొందరు వైద్యుడి దగ్గరికి వెళ్లడం తగ్గింది. అలాగని పట్టుదలకు పోయి నిద్ర పాడుచేసుకోకండి. ఏదైనా జ్ఞాపకం మరీ కుదిపేస్తుంటే ఆ కాగితం మూసేసి వేరే సంగతి ఎత్తుకోండి. అవసరమైతే మీకు నమ్మకమైన మనిషితోనో, వైద్యులతోనో మాట్లాడండి. అన్నీ రాయవలసిందేనన్న నియమం లేదు.

చివరిగా ఆ నోటుబుక్కు. దాన్ని పక్కన పెట్టండి. రాయాలనుకునేవారిని మంచి నోటుబుక్కు అంతగా భయపెట్టే వస్తువు ఇంకొకటి లేదు. నా దగ్గర అలాంటివి మూడున్నాయి. మూడింటిలోనూ మొదటి పేజీ ఒక్కటే, ముత్యాల్లాంటి అక్షరాలతో. విడి కాగితాలు తీసుకోండి, ఒకవైపు వాడేసినవైనా సరే. ఒక కాగితానికి ఒకే సంగతి. పైన ఒక పేరు: ‘సంచి’, ‘తలుపు’, ‘మొదటి జీతం’. కింద రాసిన తేదీ. రోజూ ఇరవై నిమిషాలు, గడియారం చూసి. సంగతి మంచి పట్టులో ఉండగా ఇరవై నిమిషాలు అయిపోతే ఆపేయండి, మర్నాడు ఎక్కడ మొదలుపెట్టాలో తడుముకోనక్కర్లేదు. నెల రోజులు వెనక్కి తిరిగి చదవవద్దు, చదివితే మళ్లీ చించుతారు, మీ అలవాటు తెలిసింది కదా. ఇక్కడ మాత్రం మీ ఉద్యోగం పనికొస్తుంది. కాగితాల మూలలో చిల్లు వేసి ట్యాగుకు గుచ్చి ఫైలులో పెట్టండి. ఏ వరుసలో గుచ్చాలి అని ఆలోచించకండి. నలభై యాభై కాగితాలు పోగయ్యాక ట్యాగు విప్పి నేల మీద పరచండి. ఏది దేని పక్కన ఉండాలో అప్పుడు కళ్లకు కనిపిస్తుంది. పుస్తకానికి మొదటి వాక్యం ఏదో కూడా అప్పుడే తెలుస్తుంది. అది మీరు మొదటి రోజు రాసిన వాక్యం కాకపోవచ్చు. మంచి నోటుబుక్కులోకి అప్పుడు ఎత్తిరాసి మనవరాలికి ఇవ్వండి.

అన్నట్టు, సంచి దింపుకొన్నానన్నారు గానీ అందులో ఏముందో రాయలేదు. పదేళ్ల దుమ్ము, సరే. చేయి లోపల పెట్టినప్పుడు మొదట తగిలింది ఏమిటి? రేపటి కాగితం దానితో మొదలుపెట్టండి. బ్రాకెట్లు మాత్రం పెట్టకండి.